రెండు పడవల బారెన్‌బోయిమ్



1989 నవంబరు 9 రాత్రి బెర్లిన్ గోడకు దారి తెరుచుకుంది. అప్పటికి పియానో విద్వాంసుడు, కండక్టరు డేనియల్ బారెన్‌బోయిమ్ ఆ ఊళ్ళోనే ఉన్నారు, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రికార్డింగు పని మీద. ఊరంతా వీధుల్లో పడి కేరింతలు కొడుతుంటే వాద్యకారులకు మాత్రం స్టూడియోలో మనసు నిలుస్తుందా? 12వ తేదీ ఆదివారం నాడు ఓ కచేరీ పెట్టేశారు. టిక్కెట్టు లేదు. తూర్పు జర్మనీ గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, లోపలికి రావచ్చు. 28 ఏళ్ళపాటు గోడకు అవతలే ఉండిపోయినవాళ్ళు వచ్చి ఆ కుర్చీల్లో కూర్చున్నారు. ఆ రోజు వాయించినవి బీథోవెన్ మొదటి పియానో కన్సర్టో, ఏడో సింఫనీ. కన్సర్టోలో పియానో వాయించిందీ బారెన్‌బోయిమే, ఆర్కెస్ట్రాను నడిపించిందీ ఆయనే.

ఒక మనిషి ఈ రెండు పనులూ ఒకేసారి ఎలా చేస్తారని మీకు అనుమానం రావచ్చు. మామూలుగా పియానోను వేదిక మీద అడ్డంగా పెడతారు. వాయించేవారు మనకు పక్కనుంచి కనిపిస్తారు, కండక్టరు వేరే ఉంటారు. ఒకరే రెండూ చేసేటప్పుడు పియానో పైమూతను పూర్తిగా ఊడదీస్తారు. వాద్యాన్ని నిలువుకు తిప్పి, దాని కొసను ఆర్కెస్ట్రా నడిమధ్యకు తోస్తారు. వాయించేవారి వీపు మనవైపు, ముఖం వాద్యకారుల వైపు. పియానోకు పనిలేని చోట ఆయన లేచి నిలబడి రెండు చేతులతో నడిపిస్తారు. ఒక చెయ్యి ఖాళీ అయితే ఆ ఒక్క చేత్తో. రెండు చేతులూ మెట్ల మీద ఉన్నప్పుడు కనుబొమలతో, గడ్డంతో, భుజంతో. అప్పుడు కూడా ఎక్కడైనా జారితే ముందు వరసలో కూర్చున్న మొదటి వయొలిన్ విద్వాంసుడు తన విల్లు ఊపుతో అందరినీ నిలబెడతాడు. మొజార్ట్ కాలంలో ఇదే పద్ధతి. ఆర్కెస్ట్రాలు పెద్దవయ్యాక కండక్టరు అనే ఉద్యోగం విడిగా పుట్టింది. బారెన్‌బోయిమ్ పాతికేళ్ళ వయసులోనే లండన్‌లో ఇంగ్లిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రాను చుట్టూ కూర్చోబెట్టుకుని, మొజార్ట్ పియానో కన్సర్టోలను ఆ పాత పద్ధతిలో రికార్డు చేయడం మొదలుపెట్టారు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని మనవాళ్ళంటారు. ఈయన జీవితమంతా చేసింది అదే. పియానో ఒక పడవ, కండక్టరు చేతిలోని బేటన్ ఒక పడవ. తర్వాత తర్వాత ఇంకా ప్రమాదకరమైన పడవలు కూడా వచ్చాయి. ఆ సంగతికి వస్తాను.

1942 నవంబరు 15న అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో పుట్టారు. రష్యా నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబం. తండ్రి ఎన్రికే, తల్లి ఐదా, ఇద్దరూ పియానో పాఠాలు చెప్పేవారే. ఇంటి తలుపు తట్టినవాళ్ళంతా పాఠానికి వచ్చినవాళ్ళే కావడంతో, లోకంలో పియానో వాయించని మనిషంటూ ఉండడని చిన్నప్పుడు అనుకునేవాడినని ఆయన రాసుకున్నారు. అయిదో ఏట తల్లి దగ్గర మొదలుపెట్టి, తండ్రి దగ్గర కొనసాగించారు. తల్లిదండ్రులు తప్ప ఆయనకు మరో పియానో గురువు లేరు. ఏడేళ్ళ వయసులో, 1950లో, సొంత ఊళ్ళో మొదటి కచేరీ. 1952లో కుటుంబం ఇజ్రాయెల్‌కు మారింది.

1954లో తండ్రి ఆ పిల్లవాణ్ణి సాల్జ్‌బర్గ్ తీసుకెళ్ళాడు. ఇగోర్ మార్కెవిచ్ అక్కడ కండక్టింగు తరగతులు చెబుతున్నారు. అదే వేసవిలో ఆ కుర్రవాడు విల్హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్ ముందు వాయించాడు. ఫుర్ట్‌వెంగ్లర్ అంటే అప్పటి జర్మన్ సంగీతానికి పెద్ద దిక్కు. విని, ఈ పదకొండేళ్ళవాడు ఒక అద్భుతమని రాసిచ్చారు. అంతటితో ఆగకుండా, బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో వాయించడానికి రమ్మని పిలిచారు. ఏ తండ్రి కాదంటాడు? ఎన్రికే కాదన్నాడు. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళే అయింది, ఒక యూదు కుటుంబం జర్మనీ గడప తొక్కడానికి ఆ ఎడం చాలదన్నాడు. ఫుర్ట్‌వెంగ్లర్ నొచ్చుకోలేదు, అర్థం చేసుకున్నారు. ఆ నవంబరులోనే ఆయన పోయారు. ఆ తండ్రి జవాబు పక్కనే బారెన్‌బోయిమ్ తర్వాతి జీవితాన్ని పెట్టి చూడండి. ఏ నేల మీద కాలు పెట్టవద్దన్నారో అదే నేల మీద, అదే బెర్లిన్‌లో, ఆయన ముప్ఫై ఏళ్ళు కొలువు చేశారు.

ఇటలీలోని సియెనాలో కండక్టింగు తరగతికి వెళ్ళినప్పుడు ఓ భారతీయుడు పరిచయమయ్యాడు. బొంబాయి పార్సీ కుర్రవాడు, పేరు జుబిన్ మెహతా. అది 1956. ఇద్దరికీ ఆరేళ్ళకు పైగా వయసు తేడా ఉన్నా దోస్తీ మాత్రం గట్టిగా కుదిరి ఈనాటికీ నిలిచింది. ఆ దోస్తీలో ఓ కొంటె ఘట్టం ఉంది. 1967 జూన్‌లో, ఇజ్రాయెల్ ఆరురోజుల యుద్ధం ముగిసిన వెంటనే, బారెన్‌బోయిమ్ జెరూసలేంలో జాక్వెలిన్ దు ప్రేని పెళ్ళి చేసుకున్నారు. ఆమె ఇంగ్లండుకు చెందిన చెల్లో విదుషి. యూదు మతం పుచ్చుకున్నాకే ఆ పెళ్ళి. ఆ క్రతువుల దగ్గర యూదులు కానివాళ్ళు ఉండకూడదట. మెహతాను వదిలి ఎలా? ఈయన పర్షియా నుంచి కొత్తగా వచ్చిన యూదుడు, పేరు మోషే కోహెన్ అని చెప్పి లోపలికి తోసేశారు. ఈ కథను మెహతాయే నవ్వుతూ చెప్పుకున్నారు.

ఆ రోజుల స్నేహం ఎలా ఉండేదో చూడాలంటే 1969లో లండన్‌లో తీసిన ఒక చిత్రం ఉంది. దర్శకుడు క్రిస్టఫర్ న్యూపెన్. షూబర్ట్ రాసిన ట్రౌట్ క్వింటెట్‌ను ఐదుగురు స్నేహితులు వాయిస్తారు. పియానో బారెన్‌బోయిమ్, చెల్లో దు ప్రే, వయొలిన్ ఇట్జాక్ పెర్ల్‌మన్, వియోలా పించాస్ జుకర్‌మన్, డబుల్ బేస్ జుబిన్ మెహతా. వేదిక ఎక్కే ముందు వెనక గదిలో ఒకరి వాద్యం ఒకరు లాక్కుని చేసే అల్లరి చూస్తే, వీళ్ళు కచేరీకి వచ్చారా పిక్నిక్‌కి వచ్చారా అనిపిస్తుంది.

అంత వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. దు ప్రే వేళ్ళు స్పర్శ కోల్పోతూ వచ్చాయి. 1973లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. అప్పటికి ఆమెకు 28 ఏళ్ళు. మళ్ళీ వేదిక మీద చెల్లో పట్టలేదు. 1987లో కన్నుమూశారు. ఆ మధ్యకాలంలో బారెన్‌బోయిమ్ పారిస్ ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడిగా ఉంటూ లండన్‌కు తిరుగుతుండేవారు. పారిస్‌లో పియానో విదుషి ఎలెనా బష్కిరోవాతో మరో సంసారం ఏర్పడింది, ఇద్దరు కొడుకులు పుట్టారు. 1988లో పెళ్ళి చేసుకున్నారు. దీని మీద తీర్పులు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ లెక్కలు తేల్చడం ఒక రేడియో ప్రసంగం పని కాదని నా ఉద్దేశం.

ఇక పియానో సంగతి. మన చెవికి పియానోతో ఒక పేచీ ఉంది. అందులో గమకం పలకదు. మెట్టు నొక్కితే లోపల ఉన్ని తొడిగిన సుత్తి ఎగిరి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. ఆ తర్వాత ఆ స్వరం మీద వాయించేవారికి ఏ అధికారమూ లేదు. పెంచలేరు, ఊపలేరు, పక్క స్వరంలోకి జార్చలేరు. పుట్టిన క్షణం నుంచే అది సన్నగిల్లిపోతూ ఉంటుంది. మెట్ల వాద్యాల మీద మనకున్న అనుమానం ఎంతటిదంటే, మన ఆకాశవాణే 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. ఊళ్ళల్లో పద్యనాటకం హార్మోనియం లేకుండా తెర లేచేది కాదు, రేడియోలో మాత్రం దానికి ప్రవేశం లేదు!

బారెన్‌బోయిమ్ ఆలోచనంతా ఈ లోపం చుట్టూనే తిరిగింది. శబ్దం తనంతట తాను నిలవదు, పైకెత్తి వదిలిన వస్తువు నేల మీద పడ్డట్టు అది నిశ్శబ్దంలోకి పడిపోతుంది, నిలబెట్టాలంటే శక్తి పోస్తూనే ఉండాలి అంటారాయన. పియానోలో అది వీలు కాదు కనుక వాయించేవారు చెవిని ఏమార్చాలి. మొదటి స్వరం ఎంత సన్నబడిందో విని, సరిగ్గా ఆ బరువుకే రెండో స్వరాన్ని కొట్టాలి. అప్పుడు ఆ రెండూ కలిసి సాగినట్టు మనకు భ్రమ కలుగుతుంది. అంటే పియానో వాయించడంలో సగం పని వేళ్ళది, సగం చెవిది. తంబురా శ్రుతి ఆగకుండా మోగుతుండగా పాట అందుకునే మనకు ఈ నిశ్శబ్దపు బెంగ అంతగా తెలియదు. వాళ్ళకు ప్రతి స్వరమూ ఖాళీలోంచి మొదలవ్వాలి.

కండక్టరు పని ఇంకా విచిత్రం. వేదిక మీద శబ్దం చేయని మనిషి ఆయనొక్కడే. వినడమే పనిగా పెట్టుకున్న ఆ చెవి పియానో దగ్గరా ఊరుకోలేదు. 2011లో బారెన్‌బోయిమ్ సియెనాలో పాతకాలపు పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ వాడిన పియానో మీద వాయించారు. ఇప్పటి పియానోల్లో మంద్రస్థాయి తీగలు మిగతావాటి మీదుగా అడ్డంగా పోతాయి. లిస్ట్ పియానోలో అన్నీ బారుగా, పక్కపక్కనే ఉన్నాయి. స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా దేనికది విడిగా వినిపించాయి. ఆర్కెస్ట్రాలో ఒక్కో వాద్యాన్నీ విడిగా వినడం అలవాటైన చెవి కదా, అది పట్టేసుకుంది. బెల్జియం పియానోల నిపుణుడు క్రిస్ మేనే చేత అలాంటిదే కొత్తది చేయించుకుని, 2015లో లండన్‌లో లోకానికి చూపించారు.

ఉద్యోగాల చిట్టా పెద్దది, త్వరగా చెప్పేస్తాను. పారిస్ ఆర్కెస్ట్రా 1975 నుంచి 1989 వరకు. షికాగో సింఫనీ 1991 నుంచి 2006 వరకు. మిలన్‌లో లా స్కాలా ఒపేరాకు 2011 నుంచి 2014 దాకా సంగీత దర్శకత్వం. వీటన్నిటికన్నా ముఖ్యం 1992లో చేపట్టిన బెర్లిన్ స్టేట్ ఒపేరా. అది పాత తూర్పు బెర్లిన్‌లో ఉంది. దాని ఆర్కెస్ట్రా స్టాట్స్‌కాపెల్లె 1570 నాటిది. వాళ్ళు 2000లో ఆయన్ని జీవితకాల కండక్టరుగా ఎన్నుకున్నారు.

ఇన్ని ఉంటే పియానో సాధన ఎప్పుడు? ఈ విమర్శ ఆయన్ని వదల్లేదు, అందులో నిజం లేకపోలేదు కూడా. 1960ల నాటి రికార్డుల్లో వేళ్ళు ఎంత శుభ్రంగా పలుకుతాయో, తర్వాతి కచేరీల్లో ప్రతిసారీ అలా పలకవు. కానీ బీథోవెన్ సొనాటాలు 32నీ ఆయన 1960ల్లో ఒకసారి, చివరగా 2020లో ఒకసారి, మధ్యలో మళ్ళీ మళ్ళీ రికార్డు చేశారు. కుర్రతనంలో తప్పు లేకుండా వాయించినదాని కన్నా, పెద్దతనంలో అక్కడక్కడా తడబడుతూ వాయించినదే నాకు ఎక్కువ ఇష్టం. ఆ ఎడమచేతిలో ఒక మొత్తం ఆర్కెస్ట్రా వినిపిస్తుంది.

ఇప్పుడు ఆ ప్రమాదకరమైన పడవల దగ్గరికి వద్దాం.

వాగ్నర్ యూదులను ద్వేషిస్తూ రాసిన మనిషి. హిట్లర్‌కు ఇష్టమైన సంగీతకారుడు. 1938లో జర్మనీలో యూదుల మీద దాడులు జరిగాక, అప్పటి పాలస్తీనా ఆర్కెస్ట్రా ఆయన సంగీతాన్ని మానేసింది. ఇజ్రాయెల్‌లో దీనికి చట్టమేమీ లేదు, కట్టుబాటు ఉంది. 2001 జూలై 7న జెరూసలేం ఉత్సవంలో బారెన్‌బోయిమ్ బెర్లిన్ ఆర్కెస్ట్రాతో వాగ్నర్ వాయించాలనుకున్నారు. నిర్వాహకులు వద్దన్నారు. సరేనని షూమన్, స్ట్రావిన్‌స్కీ వాయించారు. కార్యక్రమం అయిపోయింది. అప్పుడు జనం వైపు తిరిగి, హీబ్రూలో అడిగారు: ఇప్పుడు వాగ్నర్ వాయించమంటారా, ఇష్టం లేనివారు వెళ్ళిపోవచ్చు. హాల్లో అరగంట వాదన జరిగింది. కొందరు ఫాసిస్టు అని అరిచారు, తలుపులు ధడాలున వేసి వెళ్ళిపోయారు. ఎక్కువమంది ఉండిపోయారు. ట్రిస్టన్ ఒపేరా ప్రారంభ సంగీతం వాయించారు, ఉన్నవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ పేరు వింటే నిద్రపట్టని ముసలివాళ్ళు ఆ దేశంలో ఉన్నారు. వాళ్ళ గాయం ముందు సంగీతం గొప్పదన్న వాదన చిన్నబోతుంది. అయితే వద్దన్నవారిని ఆయన బలవంతంగా కూర్చోబెట్టలేదు, అడిగి వాయించారు. నాకు ఆ అరగంట వాదన ఆ సంగీతం కన్నా విలువైనదిగా తోస్తుంది.

ఎడ్వర్డ్ సయీద్ పేరు మన సాహిత్య విద్యార్థులకు తెలిసిందే. పాలస్తీనా మేధావి, తానూ బాగా పియానో వాయించేవాడు. 1990ల మొదట్లో లండన్‌లో ఒక హోటల్లో వీళ్ళిద్దరూ తారసపడ్డారు. ఆ మాటలు ఆగలేదు. 1999లో ఇద్దరూ కలిసి జర్మనీలోని వైమార్‌లో ఇజ్రాయెల్, పాలస్తీనా, సిరియా, లెబనాన్, జోర్డాన్, ఈజిప్టు కుర్రకారును పోగుచేసి ఓ ఆర్కెస్ట్రా కట్టారు. జర్మన్ కవి గోయెథే కావ్యం పేరు మీద దానికి వెస్ట్-ఈస్టర్న్ దివాన్ అని పేరు. వైమార్ గోయెథే ఊరు. అక్కడికి నాలుగడుగుల దూరంలోనే బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం ఉంది. పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్ళారు.

ఆర్కెస్ట్రాలో తీగ వాద్యాల వాళ్ళు ఇద్దరికొక స్టాండు చొప్పున కూర్చుంటారు. కాగితం ఒకటే. పేజీ ఒకరు తిప్పుతారు, ఇద్దరికీ విల్లు ఒకే వైపు కదలాలి. ఒక ఇజ్రాయెల్ చెల్లిస్టు, ఒక సిరియా చెల్లిస్టు అలా ఒకే స్టాండు ముందు కూర్చున్నారు. పగలు రిహార్సలు, రాత్రి సయీద్ నడిపే చర్చలు. ఒక రాత్రి ఓ అరబ్ కుర్రవాడు, అరబ్ సంగీతం వాయించబోయిన ఓ యూదు కుర్రవాణ్ణి నీకేం హక్కుందని అడిగాడట. మరి బీథోవెన్ వాయించడానికి నీకేం హక్కు, నువ్వేమన్నా జర్మనువా అని ఎదురుప్రశ్న వచ్చింది. సయీద్ చెప్పిన ముచ్చట ఇది. 2003లో ఆయన ల్యుకేమియాతో పోయారు. ఆర్కెస్ట్రా ఆగలేదు.

2005 ఆగస్టులో వాళ్ళంతా పాలస్తీనాలోని రమల్లాలో వాయించారు. ఇజ్రాయెల్ పౌరులకు అక్కడికి వెళ్ళడానికి వీల్లేదు. స్పెయిన్ ప్రభుత్వం వాద్యకారులకు దౌత్య పాస్‌పోర్టులు ఇచ్చి దాటించింది. 2008లో బారెన్‌బోయిమ్ పాలస్తీనా పాస్‌పోర్టు కూడా పుచ్చుకున్నారు. ఇజ్రాయెల్, పాలస్తీనా రెండు పాస్‌పోర్టులూ ఒకే జేబులో! ఇజ్రాయెల్ రాజకీయ నాయకులు కొందరు మండిపడ్డారు. అరబ్బుల్లోనూ చాలామంది ఈ ఆర్కెస్ట్రా ఆక్రమణకు అందమైన ముసుగని తిట్టారు. రెండు వైపులా చివాట్లు తినడం ఆయనకు అలవాటైపోయింది.

2011 మే 3న గాజాలో కచేరీ. యూరప్ పెద్ద ఆర్కెస్ట్రాల నుంచి ఇష్టపడి వచ్చిన వాద్యకారులను ఈజిప్టు మీదుగా తీసుకెళ్ళారు. మొజార్ట్ 40వ సింఫనీ వాయించారు. దాని మొదటి వరస లెబనాన్ గాయని ఫైరూజ్ పాట ద్వారా అరబ్ ప్రపంచానికి తెలుసు, ఆ మాట ఆయన అక్కడి శ్రోతలకు గుర్తు చేశారు. మనకూ తెలుసు. 1961 నాటి ఛాయా హిందీ సినిమాలో తలత్ మహమూద్, లతా మంగేష్కర్ పాడిన పాటకు సలిల్ చౌదరి ఆ వరసే తీసుకున్నారు. వియన్నాలో పుట్టిన ఆ వరస గాజాలో ఒక పాటగా, ఇక్కడ మరో పాటగా జనం నోళ్ళలో నానింది.

నాలాంటి రేడియో వాళ్ళకు ఈయన మీద ప్రత్యేకమైన అభిమానం ఉండడానికి ఒక కారణం ఉంది. 2006లో బీబీసీ రేడియోకు రీత్ ఉపన్యాసాలు ఇచ్చారు. ఐదు ఉపన్యాసాలు, ఐదు ఊళ్ళు: లండన్, షికాగో, బెర్లిన్, రమల్లా, జెరూసలేం. కంటికి ఇచ్చిన చదువు చెవికి ఇవ్వడం లేదన్నది ఆయన ఫిర్యాదు. లిఫ్టుల్లో, హోటళ్ళలో ఎవరూ వినని సంగీతం వదిలిపెట్టడం ఆయనకు పరమ చిరాకు. వినకుండా ఉండడం నేర్పుతున్నారు అని. కూరగాయలు తరుగుతూ ఈ ప్రసంగం వింటున్న శ్రోతలు దీన్ని మనసులో పెట్టుకోవద్దని మనవి.

వినడం గురించి ఇంత చెప్పిన మనిషి తన వాద్యకారుల మాట విన్నారా? 2019లో కొందరు బెర్లిన్ వాద్యకారులు ఆయన కోపం గురించి, అందరి ముందూ అవమానించడం గురించి పత్రికలకెక్కారు. ఆయన కాదన్నారు. ఆర్కెస్ట్రాలో ఎక్కువమంది వెనక నిలిచారు, ఒప్పందం 2027 దాకా పొడిగించారు. పాతకాలపు గురువుల ప్రతాపాన్ని మన సంగీత లోకమూ ఎరుగును. ప్రతిభ పేరు చెప్పి దాన్ని మాఫీ చేయడం నాకు సమ్మతం కాదు.

ఆ ఒప్పందం పూర్తి కాలేదు. 2022లో నరాల జబ్బు బయటపడింది, 2023 జనవరి ఆఖరుకు బెర్లిన్ ఒపేరా బాధ్యతలు వదులుకున్నారు. 2025 ఫిబ్రవరిలో అది పార్కిన్‌సన్స్ అని తానే ప్రకటించారు. బెర్లిన్‌లో సయీద్‌తో జంటగా తన పేరున వెలసిన సంగీత విద్యాలయంలో అరబ్, ఇజ్రాయెల్ విద్యార్థులు చదువుకుంటున్నారు. 2023కు గాను మన ఇందిరా గాంధీ శాంతి బహుమతిని ఆయనకూ, పాలస్తీనా శాంతి కార్యకర్త అలీ అబూ అవ్వాద్‌కూ కలిపి ప్రకటించారు. గాజా యుద్ధం మొదలై అప్పటికి కొన్ని వారాలే.

ఇప్పుడు మీరు వినబోయేది 1967లో లండన్‌లో చేసిన రికార్డు, బీథోవెన్ నాలుగో పియానో కన్సర్టో మొదటి భాగం. ఇందులో బారెన్‌బోయిమ్ పియానో మాత్రమే వాయించారు. ఆర్కెస్ట్రాను నడిపింది ఒట్టో క్లెంపరర్, వయసు 82. పియానో వాయించే కుర్రవాడికి దాదాపు పాతికేళ్ళు. ముసలాయన లయ నెమ్మది, కుర్రవాడు ఉరకబోయిన చోట ఎలా పట్టి ఉంచుతారో గమనించండి. బీథోవెన్ నాటి అలవాటు ప్రకారం ఆర్కెస్ట్రా మొదలుపెట్టాలి, పియానో తర్వాత రావాలి. బీథోవెన్ దాన్ని తలకిందులు చేశాడు. పియానో ఒంటరిగా ఐదు ఆవర్తాల మాట ఒకటి మెల్లగా అని ఆగుతుంది. ఆర్కెస్ట్రా జవాబిస్తుంది, కానీ అదే శ్రుతిలో కాదు, షడ్జమం ఇంకెక్కడికో జరిగిపోయినట్టు ఉంటుంది. ఆ తర్వాత చాలాసేపు పియానో నోరెత్తదు. మళ్ళీ ఎక్కడ అందుకుంటుందో వినండి.